వెండి రంగు కింద మసి

దస్తగిరి ఇంజన్ గది మూత ఎత్తి, దిగే ముందు ఎప్పటిలాగే చెప్పులు విడిచాడు. ముందు ఎడమ కాలు ఇనుప మెట్టు మీద, తర్వాత కుడి చేయి చెక్క దూలం మీద, ఆ తర్వాత నడుము వంచి, తలను భుజాల్లోకి ముడుచుకుని దిగాలి. నంద్యాలలో ఎన్నో ఏళ్లు లారీల కింద వెల్లకిలా పడుకుని పని చేసిన మనిషి. పడవలో పడుకునే జాగా లేదు. గొంతుక్కూర్చుని పని చేయడం ముసలితనంలో నేర్చుకోవాల్సి వచ్చింది.

బయట వెలుగోడు జలాశయం మీద మంచు ఇంకా విడవలేదు. నల్లమల కొండలు అవతల ఉన్నాయో లేవో తెలియడం లేదు. పడవ అంచుకు నీళ్లు మెల్లగా తగులుతున్నాయి.

ఆయిల్ పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకు పెట్టి చూశాడు. బెల్టును బొటనవేలితో నొక్కాడు. డీజిల్ ఫిల్టర్ అడుగున మర వదులు చేసి, చేరిన నీళ్లను డబ్బాలోకి వదిలాడు. చివరగా పొగగొట్టం మీద చేయి వేశాడు. వేడి తగలకుండా చుట్టిన తెల్లటి ఆస్బెస్టాస్ తాడు ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు, సందు లేకుండా, జడ అల్లినట్టు ఉంది. తాడు లేని చోటల్లా వెండి రంగు. దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు మసకబారింది గానీ ఇంకా పోలేదు. ఆ తాడు చుట్టిందీ, ఆ రంగు వేసిందీ, ఆ బొట్టు పెట్టిందీ దస్తగిరే.

అది విహారానికి వచ్చేవాళ్లను తిప్పే లాంచీ. నంద్యాలకు చెందిన రాజశేఖర్ దాని యజమాని. లారీ ఇంజన్‌నే పడవకు అమర్చారు. జనం కూర్చునే చోటు అన్ని వైపులా తెరిచే ఉంటుంది. డ్రైవరు గదికి మాత్రం మూడు పక్కలా అద్దాలు. ఆ గది నేల చెక్కల కిందే పొగగొట్టం మోకాలిలా వంగి, వెనక్కి తిరిగి, నీళ్ల మీదికి పోతుంది. ఆ వంపును బెండు అంటారు.

పాత డ్రైవరు పౌలును పనిలోంచి తీసేసినప్పటి నుంచి లాంచీ ఒడ్డుకే కట్టేసి ఉంది. లైసెన్సు ఉన్న డ్రైవరు దొరకడానికి ఇంత కాలం పట్టింది. కొత్తవాడు రేపు వస్తున్నాడు. "బ్యాటరీ చచ్చిపోయుంటాది. ఇంజన్‌ను బాగా తిప్పి పెట్టు దస్తగిరీ," అని రాజశేఖర్ నిన్న ఫోన్ చేశాడు.

దస్తగిరి పైకెక్కి డ్రైవరు గదిలోకి వెళ్లాడు. తాళం తిప్పితే ఇంజన్ రెండు సార్లు మూలిగి, మూడోసారి అందుకుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇంటి దగ్గర బస్సెక్కేటప్పుడు భార్య మాబున్నీ మెడకు మఫ్లర్ చుట్టుకోమంటే విసుక్కుని పడేసి వచ్చాడు. అద్దాలు మూడూ మూశాడు. తలుపు వేశాడు. నిలబడలేక డ్రైవరు సీటులో కూర్చున్నాడు.

ఆ సీటులో అతను కూర్చోవడం అదే మొదటిసారి. పౌలు ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ ఎవరి చోటు వాళ్లది. "కింద నీ రాజ్యం, పైన నాదన్నా. మధ్యన ఈ చెక్కలే సరిహద్దు," అనేవాడు పౌలు. మధ్యాహ్నం మాత్రం ఇద్దరూ ఒడ్డున తుమ్మచెట్టు నీడన ఒకే క్యారియర్ విప్పేవాళ్లు. మాబున్నీ పెట్టిన గోంగూర పచ్చడి నాకి, "నీ ఇంజన్ కంటే ఇదే గట్టిగా పనిచేస్తాదన్నా," అని వేళ్లు చీకేవాడు.

పౌలుది ఆళ్లగడ్డ. వయసులో ఉన్నప్పుడు సున్నిపెంట వైపు పడవలు నడిపాడు. అప్పుడు తాగేవాడు. ఆ సంగతి అతనే దాచుకోకుండా చెప్పేవాడు. తర్వాత ఒక గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో మాట ఇచ్చి మానేశాడు. పెండ్లిలో ఎవరైనా గ్లాసు చేతికిస్తే, దాన్ని ఇంకొకరి చేతికి అందించి నవ్వేవాడు.

దసరా తర్వాత వానలు పట్టాయి. అద్దాలు మూసుకుని నడపాల్సి వచ్చింది. అప్పటి నుంచి పౌలు మారిపోయాడు. పొద్దున బాగానే ఉండేవాడు. మధ్యాహ్నానికి కళ్లు ఎర్రబడేవి, మాట ముద్దయ్యేది. పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి వాంతి చేసుకునేవాడు. తలనొప్పి అనేవాడు. టికెట్లిచ్చే ఓబులేసు కన్ను గీటేవాడు. దస్తగిరి కూడా నవ్వేవాడు. చివరికి ఒక ఆదివారం లాంచీని తిన్నగా తెచ్చి ఒడ్డు రాళ్లకు కొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ పిల్లలు కేకలు పెట్టారు.

రాజశేఖర్ కారేసుకుని వచ్చాడు. అందరి ముందరా పౌలు దస్తగిరి దగ్గరికి నడిచి వచ్చి, "నువ్వు చెప్పన్నా. వాసన చూసి చెప్పు," అంటూ ముఖం మీద ముఖం పెట్టి ఊదాడు. ఒక మగవాడి నోరు ఇంకో మగవాడు వాసన చూడడమేమిటి, అందరూ చూస్తుంటే! దస్తగిరి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఏమంటావ్ దస్తగిరీ?" అని రాజశేఖర్ అడిగితే, నేల చూస్తూ, "ముందు తాగేటోడే గద సార్," అన్నాడు.

అది అబద్ధం కాదు. అంతవరకే చెప్పాడు. పౌలు సంచీ భుజాన వేసుకుని బస్సు వైపు నడిచాడు.

దస్తగిరి ఇవన్నీ తలుచుకుంటూ కూర్చున్నాడు. వెచ్చగా ఉంది. ఇంజన్ చప్పుడు దూరం జరుగుతున్నట్టుంది. కణతల దగ్గర ఎవరో బొటనవేళ్లు పెట్టి నొక్కుతున్నట్టు అనిపించింది. రాత్రి నిద్ర చాలలేదేమో అనుకున్నాడు. ఇంకాసేపటికి బయటికి పోదామని లేచాడు. తలుపు గడియ కోసం చేయి చాపితే, చేయి గడియను దాటి పోయింది. రెండోసారి దొరికింది. భుజంతో నెట్టుకుని బయట పడ్డాడు. దిగడానికి వేసిన చెక్క పలక మీద తూలుకుంటూ ఒడ్డు చేరి, అక్కడే కూలబడి, పొద్దున తిన్న రొట్టె అంతా కక్కాడు.

ఓబులేసు టికెట్ల గదిలోంచి చూసి పగలబడి నవ్వాడు.

"ఏంది దస్తగిరన్నా, పొద్దున్నే ఏసుకోనొచ్చినావా? పౌలన్న సీట్లో కూర్చుంటే పౌలన్నవైపోతావా ఏంది?"

దస్తగిరి తల ఎత్తి అతని వైపు చూశాడు. ఏదో చెప్పబోతే నాలుక మందంగా తిరిగింది. ఓబులేసు నవ్వు ఆపి, నీళ్ల చెంబు తీసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"యామైందన్నా? బీపీ బిళ్ల ఏసుకున్యావా లేదా?"

"నోట్లో వాసన చూడు," అన్నాడు దస్తగిరి.

"ఏందీ?"

"చూడప్పా. నా నోరు వాసన చూడు."

ఓబులేసు భయపడి వంగి చూశాడు. "కక్కిన వాసన తప్ప ఏం లేదన్నా."

దస్తగిరి ముఖం కడుక్కుని చాలాసేపు గాలికి కూర్చున్నాడు. తర్వాత ఓబులేసును పంపి ఇంజన్ ఆపించాడు. గొట్టం చల్లారేదాకా ఆగి, కత్తి తీసుకుని కిందికి దిగాడు. బెండు దగ్గర తాడు కోశాడు. పైచుట్టు తెల్లగా ఉంది. దాని కింది చుట్టు నల్లగా ఉంది. దాని కింద వెండి రంగు పొక్కులు లేచి, పెళుసుగా రాలిపోయింది. రంగు రాలిన చోట ఇనుము పగిలి, గోరు దూరేంత సందు కనిపించింది. సందు రెండు అంచులూ మసి పట్టి ఉన్నాయి. తల పైకెత్తితే ముఖానికి జానెడు దూరంలో డ్రైవరు గది నేలచెక్కలు. వాటి సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా పడుతోంది.

ఆ మరక దస్తగిరికి కొత్త కాదు. దసరాకు ముందు ఆయుధపూజ కోసం ఇంజన్ కడిగేటప్పుడు అదే చోట నల్లటి మరక చూశాడు. అరచేయి వెడల్పు కూడా లేదు. లారీకి ఏ జాయింటు దగ్గరైనా అంత మసి ఉంటుంది. లారీ పరుగెత్తుతుంటే గాలి దాన్ని ఈడ్చుకుపోతుంది, ఎవరూ లెక్కపెట్టరు. పండగ పూట నల్లగా కనిపిస్తే బాగుండదని తీగ బ్రష్‌తో రుద్ది, డీజిల్ గుడ్డతో తుడిచి, వెండి రంగు రెండు కోట్లు వేశాడు. పైన కొత్త తాడు బిగించాడు. అతను దూదేకుల ఇంట పుట్టినవాడే గానీ దసరా నాడు పనిముట్లకు బొట్టు పెట్టకుండా ఏ ఏడూ ఉండలేదు. అతని గురువు పద్ధతీ అదే. ఆ రోజు టెంకాయ కొట్టింది పౌలు. ఇంజన్‌ను చూసి, "పెండ్లికొడుకును చేసినావు గదన్నా," అన్నాడు.

ఇంజన్ తన మరకతో ఒక మాట చెప్పింది. ఆ మాటను తానే రుద్ది, రంగు వేసి, మూట కట్టాడు.

రాజశేఖర్‌కు ఫోన్ చేశాడు.

"సార్, బెండు పగిలిండాది. పొగంతా డ్రైవరు గదిలోకే పోతాండాది. నాకే కండ్లు తిరిగి పడిపోయినా."

"అయ్యో! తొందరగా మార్పించు మరి. రేపు కొత్తోడు వస్తాండాడు గదా."

"అది కాదు సార్. పౌలు తాగల్యా. ఈ పొగే."

రాజశేఖర్ గొంతు తగ్గించాడు.

"నువ్వే గదప్పా ఆ దినం చెప్పింది?"

"నేనే సార్."

"పడవలో పొగ అని యాడా అనాకు. జనం ఎక్కరు." అంత చెడ్డమనిషి కాదు రాజశేఖర్. "సరే, పౌలును తోడుకోని రా. రేపు పొద్దున నా ముందర తిన్నగా నిలబడితే, ఆ కొత్తోన్ని వద్దంటా. పో."

దస్తగిరి బోల్టులకు నూనె రాసి, నానబెట్టి, బెండును ఊడదీశాడు. గోనెసంచిలో చుట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. దారి పొడుగునా అది ఒళ్లోనే ఉంది. వెల్డింగ్ షెడ్డులో అన్వర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, సుత్తితో తట్టి చూశాడు.

"పట్టీ ఏసి ఇస్తా కూర్చో చాచా. రొట్టె కాలినంత సేపు."

"పట్టీ వద్దు. కొత్తది చెయ్. మందం గొట్టం తీసుకో."

"లారీకైతే పట్టీనే శానా కాలం లాగుతాది గదా?"

"లారీలో గాలి ఉంటాది. ఈడ పైన మనిషి ఉంటాడు."

అన్వర్ పాత బెండు పక్కన పెట్టి మందం గొట్టం తీశాడు. కొత్త బెండు తయారయ్యాక అతుకు చుట్టూ సబ్బు నురగ రాసి, లోపల గాలి పట్టించి, బుడగ లేవలేదని ఇద్దరూ చూసుకున్నారు. రంగు డబ్బా తీయబోతే దస్తగిరి వద్దన్నాడు. ఇనుము ఇనుములాగే కనపడాలన్నాడు.

వెలుగోడు చేరి, కొత్త గాస్కెట్లు వేసి, బెండు బిగించేసరికి ఎండ పడమటికి వాలింది. బెండు మీద తాడు చుట్టలేదు. దాని చుట్టూ చేయి తగలకుండా, మనిషి కంటికి కనపడేలా, జల్లెడ రేకు ఒకటి దూరంగా కట్టాడు. ఇంజన్ తిప్పి ప్రతి జాయింటు దగ్గరా తెల్లగుడ్డ పట్టి చూశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. గదిలో నిలిచిన పాత గాలి పోయేదాకా తలుపు తీసి పెట్టాడు. అప్పుడు ఓబులేసును గుమ్మం దగ్గర కాపలా ఉంచి, అద్దాలు మూసి, తలుపు వేసి, పౌలు సీటులో మళ్లీ కూర్చున్నాడు.

"నాకెందుకన్నా ఈ కాపలా?" అని అద్దం అవతల నుంచి అరిచాడు ఓబులేసు.

"తల వాలిస్తే తలుపు తీసేకి."

పొద్దుట కూర్చున్నంత సేపూ, ఇంకొంత సేపూ కూర్చున్నాడు. తల వాలలేదు. కణతలు నొక్కలేదు. నీళ్లు, కొండలు, ఒడ్డున ఎండుతున్న వలలు, అన్నీ శుభ్రంగా కనపడ్డాయి. తల తేటగా ఉంది. అంటే అంతా ఆ పొగే; ఇక పౌలుకు ఏం చెప్పాలోనని అతనికి భయం వేసింది.

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. రోడ్డు పక్క శిల్పుల షెడ్లలో ఉలి చప్పుడు ఆగింది. కళ్లు చెక్కని దేవుళ్లు, సగం రాతిలోంచి బయటికొచ్చిన నందులు వరసగా నిలబడి ఉన్నాయి. పౌలు భార్య శాంతమ్మ అక్కడే విగ్రహాలకు నునుపు పట్టే పనికి పోతుంది. దస్తగిరి వెళ్లేసరికి ఇంటి ముందర నీళ్ల తొట్టి దగ్గర జుట్టులోని రాతి పొడి కడుక్కుంటోంది. వాకిట్లో క్రిస్మస్‌కు కట్టిన కాగితం నక్షత్రం ఇంకా వేలాడుతోంది. దాంట్లో దీపం వెలగడం లేదు.

"రా అన్నా," అంది. ముఖం తుడుచుకుంది. కుర్చీ వేసింది.

"పౌలు యాడమ్మా?"

ఆమె లోపలికి చూసింది. "పండుకోనుండాడు."

ఆ ఒక్క మాటలో ఉన్నది దస్తగిరికి అర్థమైంది. అయినా చెప్పాల్సింది గబగబా చెప్పాడు. బెండు సంగతి, పొగ సంగతి, రాజశేఖర్ రేపు రమ్మన్న సంగతి. దసరా నాటి రంగు సంగతి కూడా దాచలేదు. శాంతమ్మ గోడకు ఆనుకుని విన్నది. తర్వాత నెమ్మదిగా కింద కూర్చుంది.

"ఇంటికొచ్చిన కొత్తలో చుక్క ముట్టల్యా అన్నా. నేను దినామూ నోరు వాసన చూసేదాన్ని. పసిపిల్లోన్ని చూసినట్ల. పాపం, నోరు తెరిచి నిలబడేటోడు. వాసన రాలేదు. అయినా నమ్మల్యా నేను. వాసన రానిదేందో తాగుతాండాడనుకుంటి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చర్చిలో ఎవురూ పక్కన కూర్చోల్యా. ఈ నెల మొదట్లో పట్టినాడు. ఇంగ వదల్యా."

లోపల నుంచి దగ్గు వినిపించింది. "ఎవురూ?"

"నేను పౌలూ. దస్తగిరిని."

"ఇంజనన్నా!"

దస్తగిరి గడప దాటాడు. చాప మీద పౌలు మోచేతి మీద లేవడానికి ప్రయత్నిస్తున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం తెల్లబడింది. గదంతా సారా వాసన. దస్తగిరి పక్కన కూర్చుని, అన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి నెమ్మదిగా చెప్పాడు. పౌలు కళ్లు మూసుకునే విన్నాడు. నిద్రపోయాడేమో అనుకుంటుండగా అన్నాడు:

"అయితే నేను తాగల్యా."

"తాగల్యా పౌలూ."

"ఇంటికొచ్చినాక తలనొప్పి పోయింది. తూలుడు పోయింది. అప్పుడు నాకే అనుమానమొచ్చిందన్నా. ఈడ బాగుండా, ఆడ బాగలేకుంటి. అంటే ఆడ నాకు తెలీకుండా నేనే ఏమో తాగుతాంటినేమో అని. ఇంతమంది చెప్తాండారు, నా ఆడది చెప్తాండాది, నువ్వు చెప్పినావు. మీరంతా ఒకటి, నేనొకన్నే ఒకటి. నేనే తప్పేమో అనుకుంటి. తాగినోడే అయినప్పుడు తాగితే ఏం పోయిందిలే అనుకుంటి."

"తప్పు నాది. రేపు పొద్దున మొదటి బస్సుకు పోదాం. సార్ ఎదురుచూస్తాంటాడు. తిన్నగా నిలబడితే చాలు."

పౌలు కుడి చేయి ముందుకు చాపాడు. వేళ్లు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. ఆ వేళ్లను తనే వింతగా చూసుకుని నవ్వాడు.

"ఇప్పుడు రమ్మంటాండావా అన్నా? ఇప్పుడు నిజంగా తూలతాండా గదా." కొంచెం ముందుకు వంగాడు. "ఊదమంటావా?"

దస్తగిరి ఈసారి ముఖం తిప్పుకోలేదు. పౌలు ఊదలేదు. నవ్వుతూనే చాప మీదికి ఒరిగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దస్తగిరి దుప్పటి లాగి అతని పాదాల మీద కప్పాడు. బయటికి వస్తే శాంతమ్మ టీ ఇచ్చింది. అది తాగకుండా పోవడం మర్యాద కాదని తాగాడు.

తెల్లవారి మొదటి బస్సు వేళకే పౌలు మళ్లీ తాగి ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. కొత్త డ్రైవరు శ్రీకాంత్ పనిలో చేరాడు. దస్తగిరి తర్వాత కూడా రెండు మూడు సార్లు ఆళ్లగడ్డ వెళ్లాడు. ఒకసారి పౌలు బాగానే మాట్లాడాడు, పచ్చడి సంగతి అడిగాడు. శివరాత్రికి ముందు వారం, నిద్రలోనే పోయాడని శాంతమ్మ ఫోన్ చేసింది. సమాధి దగ్గర మట్టి వేశాక దస్తగిరి చర్చివాళ్ల మధ్య నిలబడి, పడవ నడిపే నాళ్లలో ఇతను తాగలేదు, అది పొగ, నా వల్ల అయిన తప్పు అని చెప్పాడు. పెద్దలు తలలు ఊపారు. తాగి చచ్చిపోయినవాడు అప్పుడు తాగాడా తరువాత తాగాడా అన్నది వాళ్లకు పెద్ద తేడాగా అనిపించలేదు. ఒకాయన దస్తగిరి భుజం తట్టి, "పోనీలేప్పా, నువ్వేం చేస్తావ్," అన్నాడు.

శివరాత్రి నాడు లాంచీ నిండుగా తిరిగింది. సాయంత్రం డ్రైవరు గది ఊడుస్తూ శ్రీకాంత్ సీటు కింది చెక్కల సందులోంచి ఏదో గోరుతో పెకలించి తీశాడు. "ఇది నీదా అన్నా?" అని పైనుంచి ఇంజన్ గదిలోకి చేయి చాపాడు. దస్తగిరి చేతికి మసి అంటుకుని ఉంటే లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు. తలనొప్పికి రాసుకునే బామ్ సీసా, బొటనవేలంత. మూత లేదు. లోపల అడుగు దాకా, మూలల్లోకి కూడా, ఎవరిదో చిటికెనవేలు మళ్లీ మళ్లీ తిరిగి ఊడ్చిన గీతలు.